మేడికొమ్మకు నేను వేసిన ముడి

ఉదయం అయిదూ నలభైకి బిలాస్‌పూర్‌లో దిగాను. ఏప్రిల్ మొదటి వారం. నల్ల ట్రంకు ఒకటి, పరుపు చుట్టిన హోల్డాల్ ఒకటి, భుజాన మందుల సంచి. ప్లాట్‌ఫారం అప్పటికే వేడెక్కుతోంది. చేతిలో ఉన్న కాగితం మీద 'తాత్కాలిక డ్యూటీ, పదకొండు నెలలు' అని ఉంది. ఎవరికి రిపోర్టు చెయ్యాలో కూడా ఉంది. ఆ మనిషి మూడు వారాల కిందటే బదిలీ అయి వెళ్ళిపోయాడన్న సంగతి మాత్రం లేదు.

మీరంతా నన్ను అడిగేది మంచు గురించి. కొండల మీద నాలుగేళ్ళు చేశాను, కంచరగాడిదలతో. అక్కడ భయం వేసేది కానీ అయోమయం ఉండేది కాదు. ఎటు నుంచి ప్రమాదం వస్తుందో కొండే చూపించేది. ఏది ఎటు నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియని డ్యూటీ నా సర్వీసులో ఒక్కటే, అది ఈ రైల్వే ఊళ్ళో చేసింది. ఒక్క తూటా పేలలేదు. నా ఒంట్లో మిగిలిపోయింది మాత్రం అదే.

నా ట్రేడు డ్రెస్సర్. అంటే సైన్యంలో గుర్రాలకు, కంచరగాడిదలకు, కుక్కలకు నర్సు లాంటివాణ్ణి. గాయం కడతాను, జ్వరం చూస్తాను, డాక్టరు రాసిన సూది వేస్తాను. నేను పశువుల డాక్టర్ని కాను. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

స్టేషన్ బయట అరగంట నిలబడ్డాను. బండి వస్తుందన్నారు, రాలేదు. ట్రంకు మీద తెల్ల పెయింటుతో నా పేరూ, కింద పలాస అనీ రాసి ఉంది. నీలం చొక్కా వేసుకున్న ఒకతను దాన్ని చూసి ఆగాడు. చేతిలో టిఫిన్ క్యారియర్, కళ్ళ నిండా నిద్ర.

"పలాసా? మనోలేనా?" అన్నాడు. "మా అమ్మది మందస. నాను లోకో షెడ్డులో. ఇప్పుడే డూటీ దిగినాను. ఏటిలా నిలబడిపోయినావు?"

అతని పేరు రమణ. తాత కాలం నుంచీ రైల్వేలోనే, ఈ ఊళ్ళోనే. బండి వచ్చేదాకా మా క్వార్టర్‌లో కూర్చో అన్నాడు. అలా రైలు దిగిన గంటకే వాళ్ళ ఇంట్లో పీట మీద కూర్చుని ఉన్నాను.

రమణ తల్లి ఈశ్వరమ్మకు అరవై దాటాయి. నా ముందు గ్లాసు పెట్టి, "బెల్లం టీ. తాగు బాబూ. మీ అమ్మ ఉన్నాదా?" అంది. లేదన్నాను. "అయితే నన్ను పిన్నీ అను" అంది. అక్కడితో చుట్టరికం ఖాయమైపోయింది. రమణ భార్య సంధ్య గుమ్మం దగ్గర నిలబడి నమస్తే భయ్యా అంది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది. వాక్యం తెలుగులో మొదలెట్టి హిందీలో ముగిస్తుంది. పెరట్లో, రేకుల పాక కింద, ఎర్రటి ఆవు. పేరు గౌరి. రెండేళ్ళ కిందట బెల్తరా వైపు నుంచి కొని తెచ్చారు. ఇప్పుడు చూడిది.

మా డిటాచ్‌మెంట్ కోని రోడ్డు వైపు. కాలేజీ క్యాడెట్లకు గుర్రపు స్వారీ నేర్పే మైదానం, ఆరు గుర్రాలు, రేకుల స్టేబులు. మనుషులం నలుగురం. సుబేదార్ సాబ్ మా పెద్ద. స్వారీ నేర్పే ఉస్తాద్. గుర్రాలకు లాడాలు కొట్టే నాల్‌బంద్, హర్యానా వాడు. నేను. నాలుగున్నరకు లేవడం, అయిదుకు దాణా, అయిదున్నర నుంచి ఎనిమిది దాకా స్వారీ. తొమ్మిది తర్వాత ఆ ఎండలో గుర్రం బయటికి రాదు. మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెడితే చర్మం అంటుకుంటుంది. మైదానానికీ స్టేబులుకీ మధ్య రెండు వాకీటాకీలు. మేం ఏ యూనిట్ కిందికి వస్తామో ఆ పదకొండు నెలల్లో ఎవరూ తేల్చలేదు. రేషన్ ఒక చోటి నుంచి, ఆర్డర్లు మరో చోటి నుంచి. సుబేదార్ సాబ్ రెంటికీ సెల్యూట్ కొట్టేవాడు.

ఆదివారాలు సైకిలెక్కి రైల్వే కాలనీకి పోయేవాణ్ణి. పిన్ని చేపల పులుసు పెట్టేది. తినేటప్పుడు నా ఉద్యోగం గురించి అడిగేది. నేను చెప్పేవాణ్ణి, కాస్త ఎక్కువగానే. కొండ మీద కంచరగాడిద కడుపులో అడ్డం తిరిగిన పిల్లను సరిచేశానని కూడా చెప్పాను. నిజానికి కంచరగాడిదలు ఈనవు. పిన్నికి ఆ సంగతి తెలియదు. వీధిలో అందరికీ, "మా అబ్బాయి మిలట్రీలో పశువుల డాక్టరు" అని చెప్పుకుంది. నేను సరిదిద్దలేదు. అమ్మ పోయాక నన్ను అలా ఆకాశానికెత్తిన మనిషి మరొకరు లేరు.

జూన్. వాన ఇంకా పడలేదు. ఆదివారం ఒంటిగంటా ఇరవైకి రమణ ఫోన్ చేశాడు.

"అన్నా, గౌరి నిన్న పొద్దున ఈసుకుపోయింది. ఏడో నెలే. దూడ చచ్చే పడింది. మాయ ఇంకా రాలేదు. అమ్మ నిన్ను రమ్మంటంది."

నెలలు నిండకుండా పశువు దూడను పారేసుకుంటే మా వైపు ఈసుకుపోవడం అంటారు. మాయ అంటే కడుపులో దూడకు చుట్టుకుని ఉండే పొర. అది పూర్తిగా బయటికి రాకపోతే లోపలే కుళ్ళిపోతుంది.

రెండూ అయిదుకు పెరట్లో ఉన్నాను. ఆవు తల వేలాడేసి నిలబడి ఉంది. వెనకనుంచి మాయ జానెడు వేలాడుతోంది. తోలులా మందంగా, పసుప్పచ్చ మచ్చలతో. వాసన. నా సంచిలో భుజాల దాకా వచ్చే రబ్బరు తొడుగుల పెట్టె ఉంది. సీలు కూడా తియ్యలేదు. ట్రైనింగులో నాకు పని నేర్పిన ఉస్తాద్ ఎప్పుడూ అనేవాడు, చేతికి కళ్ళుంటాయి, రబ్బరుకు ఉండవు అని. మా బ్యాచిలో తొడుగు వేసుకున్నవాణ్ణి కొత్తపెళ్ళికూతురు అని ఏడిపించేవాళ్ళం. కొబ్బరినూనె రాసుకుని ఉత్త చెయ్యే పెట్టాను. రెండు రోజుల కిందట నాల్‌బంద్‌కు సాయం చేస్తుంటే ఎడమ బొటనవేలు తెగింది. కుడిచెయ్యి అలిసిపోయాక ఎడమచెయ్యి పెట్టాను.

నలభై నిమిషాలు పట్టింది. మాయ మొత్తం వచ్చింది. పిన్ని నా మొహం కొంగుతో తుడిచింది.

మాకు స్టాండింగ్ ఆర్డర్ ఒకటి ఉంది. ఏ పశువు ఈసుకుపోయినా అది అంటురోగమే అనుకో. విడిగా కట్టు. నమూనా పంపు. దూడనూ మాయనూ లోతైన గోతిలో సున్నం వేసి పాతిపెట్టు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. ఆ రోజు అది గుర్తు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. కానీ నేను అక్కడ డ్యూటీలో లేను, ఇంట్లో ఉన్నాను. ఇంట్లో సున్నం, గొయ్యి అంటే బాగుండదేమో అనిపించింది. ఎండదెబ్బ తగిలి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

దూడను రమణ అప్పటికే పట్టాల అవతల పాతేశాడు. నేను మాయను గడ్డిలో చుడుతుంటే పిన్ని ఆపింది.

"పాతీకు బాబూ. పాలచెట్టుకి కట్టాల. దూడ ఎలాగూ పోయింది, పాలైనా నిలబడాల గదా."

నాకు తెలుసు. మా ఊళ్ళోనూ అంతే. ఆవు ఈనితే మాయను గడ్డిలో మూటగట్టి పాలు కారే చెట్టుకు వేలాడదీస్తారు. అప్పుడు పొదుగు నిండుతుందని నమ్మకం. మా అమ్మ కట్టేటప్పుడు నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి. అలా చెట్టుకు మూట కట్టి ఎన్నేళ్ళయిందో. నాకు ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి.

క్వార్టర్ల వెనక కుళాయి దగ్గర మేడిచెట్టు ఒకటి ఉంది. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు. పక్కింటి రావుత్ కాకా మేకలు దాని కిందే మేస్తాయి. కాలనీ ఆవులను తోలుకెళ్ళేవాడు అతనే. స్టూలు వేసుకుని, గుర్రాన్ని గుంజకు కట్టే ముడితో మూటను కొమ్మకు బిగించాను. ఒక్క కొస లాగితే ఊడిపోయే ముడి అది. గాలికి ఊడకుండా కొసను లోపలికి దోపాను. పిన్ని మూటకు దణ్ణం పెట్టింది.

తిరిగి వస్తూ అడిగింది. "బాబూ, పాలు తాగొచ్చా? కోడలికి నాలుగో నెల. పోయినసారి నిలబడలేదు, నీకు తెలుసు గదా. గుమ్మపాలు పట్టిద్దామని ఈ ఆవు మీదే ఆశ పెట్టుకున్నాను."

గుమ్మపాలంటే పొదుగు నుంచి పిండి, నురుగు చల్లారకముందే తాగే పాలు. కాయడం ఉండదు. పాల ప్యాకెట్టు మీద నమ్మకం లేని ఇళ్ళల్లో ఇదే బలమనుకుంటారు. సంధ్య గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది.

"మూడు రోజులు ఆగి తాగొచ్చు పిన్నీ" అన్నాను. మూడు రోజులు అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

జూలై రెండో వారం. వానలు. మైదానంలో బురద బూటు పైకి వచ్చింది. సాయంత్రం నాలుగూ పదికి గుర్రాలకు నీళ్ళు పడుతుంటే చలి మొదలైంది. మామూలు చలి కాదు, బక్కెట్టు చేతిలో నిలవలేదు. రెండు గంటలు వణికాను. తర్వాత చెమట, పరుపు మారిస్తే గాని పడుకోలేనంత. తెల్లారి అయిదుకు లేస్తే ఏమీ లేదు. దాణా వేశాను, పరుగెత్తాను. సాయంత్రం నాలుగుకు మళ్ళీ అదే.

అయిదు రోజులు అలా సాగి ఆగింది. వారం బాగున్నాను. మళ్ళీ వచ్చింది.

వాకీటాకీలో సుబేదార్ సాబ్ గొంతు: "స్టేబుల్, స్టేబుల్. డ్రెస్సర్ ఎక్కడ?"

నాల్‌బంద్ జవాబు: "సాబ్, పడుకున్నాడు. జ్వరం."

"పొద్దున ఆరుకు జ్వరం ఎంతుంది వాడికి?"

"పొద్దున ఏమీ లేదు సాబ్."

"అచ్ఛా. జ్వరం కూడా డ్యూటీ టైము చూసుకుని వస్తోందన్నమాట."

నేను మంచం మీద పడుకుని అంతా విన్నాను. కోపం వచ్చింది. ఆయన తప్పేముంది అని కూడా అనిపించింది. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే నాకే అనుమానం వచ్చేది.

ఊళ్ళో ఒక డాక్టరు మలేరియా అన్నాడు. రక్తంలో కనబడలేదు, అయినా మాత్రలు ఇచ్చాడు. ఇంకో డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. పది రోజుల మాత్రలు వేసుకుంటే తగ్గింది, ఆపగానే వచ్చింది. మూడో ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇల్లు గుర్తొస్తోందా అని అడిగాడు. నడుము పట్టేసింది. మోకాలు ఒకసారి, తుంటి ఒకసారి. నొప్పి ఒక చోట ఉంటే పట్టుకుందును. ఇవాళ ఉన్న చోట రేపు లేదు. గుర్రాల ట్రీట్‌మెంట్ రిజిస్టరు వెనక పేజీలో నా జ్వరం రాసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఆ గీత ఎక్కుతూ దిగుతూ పోయింది. ముప్ఫై రోజులు చూశాను. తలా తోకా తెలియలేదు. గుర్రానికి ఇలా వస్తే ఏం చేస్తానో నాకు తెలుసు. మనిషిని కాబట్టి తోచలేదు.

ఆదివారాలు పిన్ని ఇంటికి వెళ్తూనే ఉన్నాను. సంధ్యకు కడుపు కనబడుతోంది. గౌరి ఇస్తున్నవి కొద్దిపాటి పాలే. ఉదయం పిండిన మొదటి గ్లాసు కోడలికి, రెండోది పిన్నికి. ఇత్తడి గ్లాసు, పైన నురుగు. సంధ్య దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళి తాగి వచ్చేది. రమణకు చిన్నప్పటి నుంచీ పాలు పడవు. పిన్ని నన్ను చూసి, "సిక్కిపోనావేటి? నువ్వూ తాగు" అంది. ఒకటి రెండుసార్లు నేనూ తాగాను. పిన్ని కూడా నడుం పట్టుకుని లేస్తోంది. వయసు అన్నారందరూ. రావుత్ కాకా మేక ఒకటి ఈసుకుపోయిందని రమణ చెప్పాడు. నేను అయ్యో అన్నాను. అంతే. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి, ఒక్కటీ ఇంకోదానికి తగల్లేదు.

ఆగస్టు చివర. పగలు మూడు గంటలు. వాన. చెమటకు తడిసిన నా బనీను నాల్‌బంద్ దండెం మీద వేస్తున్నాడు. వేస్తూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ చూశాడు.

"డ్రెస్సర్ సాబ్, ఇది మనిషి చెమట వాసన కాదు. తడిసిన గడ్డి వాసన" అన్నాడు.

"స్టేబుల్లో ఉంటాం కదా."

"నేనూ స్టేబుల్లోనే ఉంటాను." వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "మా ఊళ్ళో మా చాచాకు ఇదే జ్వరం. పొద్దున పొలం దున్నేవాడు, సాయంత్రం రజాయి కప్పుకునేవాడు. ఏడాది తిప్పారు. చివరికి పెద్దాసుపత్రిలో ఒక్కటే అడిగారు. మీ ఇంట్లో బర్రె ఏదైనా దూడను పారేసుకుందా అని."

లేచి కూర్చున్నాను. ముందు గుర్తొచ్చింది నా చెయ్యి కాదు. ఇత్తడి గ్లాసు.

ఆ రోగం పేరు నాకు తెలుసు. బ్రూసెల్లా. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పశువు నుంచి మనిషికి వస్తుంది. పచ్చిపాలలో, మాయలో, ఆ నీళ్ళలో ఉంటుంది. చేతి మీద గాటు చాలు. కడుపుతో ఉన్న మనిషికి తగిలితే బిడ్డ నిలవకపోవచ్చు. ఆ వాక్యం పుస్తకంలో ఎడమవైపు పేజీలో, కింద ఉంటుంది.

సుబేదార్ సాబ్‌కు చెప్పాను. ఆయన నా రిజిస్టరు వెనక పేజీ తిప్పి చూశాడు. "గుర్రాలు?" అన్నాడు.

"తెలియదు సాబ్. అన్నిటి రక్తమూ పంపాలి."

"పంపుతాను. నువ్వు రేపు పొద్దున మిలటరీ ఆసుపత్రికి వెళ్ళు." రిజిస్టరు మూశాడు. "ఇవాళ ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళు."

సైకిలు తీశాను. నాలుగూ ఇరవైకి రైల్వే కాలనీ. దారిలోనే చలి మొదలైంది. తడిసినందుకో, రోగానికో, భయానికో తెలియలేదు. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. నిలబడే చెప్పాను. ఆవుకు రోగం ఉండొచ్చు, నాకు వచ్చింది, మీకూ వచ్చి ఉండొచ్చు, రక్తం ఇవ్వండి, ఇవాళే.

"ఆవుపాలలో రోగమేటి?" అంది పిన్ని. "మా మామగారు ఎనభయ్యేళ్ళు గుమ్మపాలు తాగినారు. నీకు జ్వరమెక్కి ఏటో మాటాడుతున్నావు. ముందు కూకో."

రమణకు అర్థమైంది. మొహం మారిపోయింది. "నువ్వే గదా అన్నావు. మూడు రోజులాగి తాగొచ్చని నువ్వే గదా!"

"అన్నాను."

"డాక్టరువి గదా నువ్వు!"

"కాదు రమణా. నేను డాక్టర్ని కాను. కట్లు కట్టేవాణ్ణి." ఆ మాట అనడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

సంధ్య రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆ నిలబడడం నన్ను ఎక్కువ బాధించింది. రమణ కొడితే బాగుండేది.

బయటికి వచ్చి మేడిచెట్టు దగ్గరికి వెళ్ళాను. మూట వానకు నాని నల్లబడి ఇంకా వేలాడుతోంది. కింద కుళాయి, కుళాయి చుట్టూ బిందెలు, బిందెల చుట్టూ మేకలు. ముడి కొస లాగాను. ఊడలేదు. నేనే గట్టిగా దోపాను కదా. సుతిలి తాడు ఉబ్బి బిగిసిపోయింది. మొదటిసారి తొడుగులు వేసుకుని, కత్తితో కోసి దించి, గొయ్యి తవ్వి, సున్నం వేసి పాతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఇక్కడి నీళ్ళు రెండు రోజులు వద్దన్నాను. ఆ రెండు రోజుల లెక్క కూడా నాదే.

ఆసుపత్రిలో నాకు సూదులు, మాత్రలు మొదలుపెట్టారు. ఆరు వారాలన్నారు. రమణ ముగ్గురి రక్తమూ, ఆవుదీ పరీక్షకు ఇప్పించాడని తెలిసింది; రిపోర్టులు నాలుగు రోజులకు వస్తాయన్నారు. ఆ నాలుగు రోజులూ రమణ ఫోన్ ఎత్తలేదు. కొండ మీద ఇద్దరు మనుషులు మంచు కింద ఉండిపోయినప్పుడు కూడా నేను అలా ఎదురుచూడలేదు. దేవుడికి మొక్కుకున్నాను. ఏమని మొక్కుకోవాలో తెలియక, ఆ అమ్మాయికి రావాల్సింది కూడా నాకే ఇచ్చెయ్యమన్నాను.

అయిదో రోజు పదకొండు గంటలకు సంధ్య ఫోన్ చేసింది.

"భయ్యా, మేరా నెగెటివ్ ఆయా. రమణ గారిదీ నెగెటివ్. అత్తమ్మది పాజిటివ్. ఆవుది కూడా."

నాకు నమ్మబుద్ధి కాలేదు. "నువ్వు రోజూ తాగావు కదమ్మా?"

గొంతు తగ్గించింది. "పచ్చివాసన నాకు పడదు భయ్యా. ఉల్టీ వచ్చేది. గ్లాసు లోపలికి తీసుకెళ్ళి, కుళాయి తిప్పేసి, ఆ చప్పుడులో గ్యాస్ మీద మరిగించీదాన్ని. చల్లారబెట్టి, మూతికి నురుగు రాసుకుని వచ్చీదాన్ని. అత్తమ్మకి మత్ బోల్నా."

వెనకనుంచి పిన్ని గొంతు వినిపించింది. "ఇన్నానే, ఇన్నాను. రెండు నెలలు నన్ను మోసం సేసినావే, ఓలమ్మ ఓలమ్మ!" తర్వాత ఏడుపు. "మంచిపని సేసినావు తల్లీ."

నేను వార్డు వరండాలో నేల మీద కూర్చుండిపోయాను. నర్సు వచ్చి జ్వరం చూసింది. లేదంది.

పిన్నికి మాత్రం రోగం వెన్నుపూసలోకి దిగింది. నెలల తరబడి మాత్రలు మింగింది. జ్వరం పోయింది, నడుం లేవలేదు. గుమ్మం నుంచి పెరటి దాకా గోడ పట్టుకుని నడిచేది. నేను ఆసుపత్రి డాక్టరును అడిగాను. ఆవిడకు నా మాట వల్ల వచ్చిందా, అంతకు ముందే ఉందా? ఆవు కొన్నప్పటి నుంచీ పేడ ఎత్తింది, పాలు పిండింది, రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు అంటూనే ఉంది. చెప్పలేం అన్నాడు ఆయన. మేక సంగతి? చెప్పలేం. నాకు గాటు నుంచి వచ్చిందా, గ్లాసు నుంచా? అదీ చెప్పలేం. ఆయన నన్ను ఓదార్చాడో, శిక్షించాడో నాకు తేలలేదు.

గుర్రాలన్నీ శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. సుబేదార్ సాబ్ ఆ కాగితం నా చేతికిచ్చి, "నిన్ను పనిదొంగ అనుకున్నాను. కాగితం మీద రాయలేదు, అనుకున్నాను అంతే" అన్నాడు. ఆయన క్షమాపణ చెప్పే పద్ధతి అది. నేను లేచి తిరుగుతున్నాను కాబట్టి నాల్‌బంద్ నా బనీన్లు ఆరెయ్యడం మానేశాడు.

గౌరిని ఏం చెయ్యాలన్నది ఎవరికీ తెలియలేదు. ప్రభుత్వ పశువైద్యుడు వచ్చి చూశాడు. అమ్మకూడదు, విడిగా కట్టాలి, పాలు వాడకూడదు అన్నాడు. రావుత్ కాకా దాన్ని మందలో తోలనన్నాడు. చంపడం చట్టం ఒప్పుకోదు, పిన్ని అంతకన్నా ఒప్పుకోదు. మంచి పశువులా కనబడేది. కళ్ళు మెరిసేవి, బాగా మేసేది. దాని వైపు చూసినప్పుడల్లా రోగం ఎక్కడుందా అని వెతికేవాణ్ణి.

పాప నవంబరులో పుట్టింది. రమణ ఫోన్ చేసి బరువు ఎంతో చెప్పాడు. మూడు నెలల తర్వాత అతను నాతో మాట్లాడిన మొదటి మాట అది.

తిరుగు ప్రయాణం మార్చి మొదట్లో. బండి మధ్యాహ్నం రెండుకు. అవే సామాన్లు, నల్ల ట్రంకు, హోల్డాల్, మందుల సంచి. పదకొండున్నరకు పిన్ని ఇంటికి వెళ్ళాను. సంధ్య పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టబోయింది. నేను ముందు చేతులు సబ్బుతో కడుక్కున్నాను. రెండుసార్లు కడుక్కున్నాను.

పిన్ని పెరట్లో ఉంది. గౌరి తొట్టె కడుగుతోంది, వంగిన నడుముతోనే. చేతులకు భుజాల దాకా రబ్బరు తొడుగులు. నేను ఇచ్చిన పెట్టెలోవే. జాకెట్టు మీదికి లాక్కుని, జారకుండా పైన గుడ్డపేలికతో కట్టుకుంది. నన్ను చూసి నవ్వింది.

"బాగున్నాయిరా బాబూ ఇవి. తడి తగలదు, వాసన తగలదు." చేతులు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఆ రోజూ నీ సంచీలో ఉన్నాయా ఇవి?"

"ఉన్నాయి పిన్నీ."

"మరి తీయలేదేటి?"

కోపంతో అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను ఇద్దరు కమాండింగ్ ఆఫీసర్ల ముందు సంజాయిషీ ఇచ్చినవాణ్ణి. పిన్ని ముందు తల వంచుకుని తొట్టె పక్కన కూర్చున్నాను. ఆవిడ తొడుగు ఊడదీసి, ఉత్త చెయ్యి నా తల మీద పెట్టింది. "తిని ఎల్లు. పులుసు సేసినాను" అంది.

తిన్నాను. రమణ స్టేషన్‌కు వచ్చాడు. ట్రంకు తనే ఎక్కించాడు. రెండూ పదికి బండి కదిలింది.

రిటైరై ఇన్నేళ్ళయింది. పిన్ని ఇంకా ఉంది, గోడ పట్టుకునే నడుస్తోంది. వానాకాలం సాయంత్రాలు నాలుగింటికి కాస్త చలి వేస్తే, మళ్ళీ వచ్చిందా అని నుదురు తడుముకుంటాను. రాదు. వచ్చేది వేరే.

ఆ జూన్ ఎండ. మేడికొమ్మకు మూట కట్టి స్టూలు దిగాను. పిన్ని దాని కిందికి వెళ్ళింది. నడుం నిటారుగా ఉంది అప్పుడు. గడ్డిలోంచి ఒక చుక్క జారి ఆకు మీద పడింది. ఆవిడ దాన్ని వేలితో అద్దుకుని రెండు కళ్ళకూ రాసుకుంది. "నా కోడలి కడుపు సల్లగుండాల తల్లీ" అని మూటకు దణ్ణం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దూరంలో. చేతులు తుడుచుకుంటూ, నవ్వుతూ చూస్తున్నాను.